జెట్టీ కింద రెండు నిలువుల నీళ్లు

(చెన్నైలో ఒక ఆదివారం ఉదయం తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగం. సభికులు అడిగిన ప్రశ్నల్లో కొన్నిటిని చివర చేర్చాం.)

అందరికీ నమస్కారం.

పరిచయం చేసిన మిత్రులు నన్ను "సముద్రం లోతులు చూసినవాడు" అన్నారు. వినడానికి బాగానే ఉంది గానీ, ఇవాళ నేను చెప్పబోయే సంగతికి అది అతకదు. ఒడ్డు నుంచి నడిచి వెళ్లగలిగే జెట్టీ, దాని స్తంభాలు, ఆ స్తంభాల మధ్య రెండు మూడు నిలువుల నీళ్లు. నా విషయం అంతే. డైవింగ్ నేర్చుకున్న కొత్తలో అందరికీ ఇంకా లోతుకు, ఇంకా దూరానికి వెళ్లాలనే యావ ఉంటుంది. కొన్నాళ్లు పోయాక చాలామంది మళ్లీ జెట్టీల దగ్గరికే చేరతారు. ఎందుకు చేరతారో చెబుతాను. ఆ రెండు నిలువుల నీళ్లను తేలిగ్గా తీసుకున్నవాళ్లు ఎలా ఇబ్బందుల్లో పడతారో కూడా చెబుతాను. నన్నడిగితే ఈ రెండోదే ముఖ్యం.

మన ఇళ్లలో ఒక మాట వినబడుతుంటుంది. "మావాడికి జాతకంలో నీటి గండం ఉందండీ, సముద్రం వైపు పంపించం" అని. జాతకాల జోలికి నేను వెళ్లను. కానీ మెరీనాలో మాత్రం ఆ గండం జాతకం చూడకుండానే అందరికీ ఉంది. (నవ్వులు)

నిజంగానే అంటున్నాను. "చెన్నైలోనే ఉన్నాం కదా, మాస్కు పెట్టుకుని మెరీనాలోనే దిగితే పోలా" అని అడిగేవాళ్లున్నారు. దిగకూడదు. స్నానాలు నిషేధమని పోలీసులు బోర్డులు పెట్టింది ఊరికే కాదు. అక్కడ అల ఒడ్డుకు బాగా దగ్గరగా వచ్చి విరుగుతుంది. కాళ్ల కింద నేల ఉన్నట్టుండి లోతవుతుంది. ఒడ్డెక్కిన నీరంతా ఎక్కడో ఒకచోట సన్నటి దారి చేసుకుని వెనక్కి లాగుతుంది. దాన్నే రిప్ కరెంట్ అంటారు. గజ ఈతగాడైనా దానికి ఎదురీదితే కాసేపట్లో అలసిపోతాడు. అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు కాకుండా ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి. ఆ ప్రవాహం వెడల్పు తక్కువే, పక్కకు తప్పుకుంటే పట్టు వదిలేస్తుంది. డైవింగ్ ఊసే లేనివాళ్లు కూడా పిల్లలకు ఈ ఒక్క సంగతి చెప్పండి. పైగా అక్కడ అలలు ఇసుకను ఎప్పుడూ కలియబెడుతూనే ఉంటాయి కాబట్టి మాస్కు పెట్టుకుని దిగినా కనిపించేదేమీ ఉండదు. ఇక హార్బరు, కాసిమేడు చేపల రేవు వైపు అసలే వద్దు. పడవలు తిరిగే చోట్లు, కాపలా ఉండే చోట్లు. అక్కడ నీళ్లలోకి దిగితే చేపల కంటే ముందు సెక్యూరిటీవాళ్లు పలకరిస్తారు.

అయినా జెట్టీ కథ చెప్పుకోవడానికి మన మద్రాసుకు మించిన ఊరు లేదు. ఇంత పెద్ద ఊరికి సహజంగా రేవే లేదు మరి. ఓడలు దూరంగా లంగరు వేసుకుని నిలబడేవి. దొరలైనా, సరుకైనా మసూలా పడవల్లోకి దిగి ఆ విరిగే అలల మీదుగా ఒడ్డుకు రావాల్సిందే. ఆ పడవలకు మేకులుండేవి కావు. పలకలను కొబ్బరి పీచు తాళ్లతో కుట్టేవారు. మేకులు కొట్టి బిగించిన పడవ ఆ అలల తాకిడికి పగిలిపోతుంది, కుట్టిన పడవ కాస్త వంగి సర్దుకుంటుంది. 1861లో ఇక్కడ ఇనుప స్తంభాల మీద సముద్రంలోకి ఒక పియర్, అంటే పొడవాటి జెట్టీ, కట్టారు. 1868, 1872 తుపానులు దాన్ని పనికిరాకుండా చేశాయి. సరే, స్తంభాలు లాభం లేదని రాతి గోడలతో హార్బరు మొదలుపెట్టారు. 1881 తుపాను ఆ గోడలనూ విరగ్గొట్టింది. మళ్లీ కట్టారు.

కట్టాక ఇంకో తమాషా జరిగింది. మన తూర్పు తీరం వెంబడి ఏడాది మొత్తం మీద చూస్తే ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి జరుగుతూ ఉంటుంది. హార్బరు గోడ దానికి అడ్డుపడింది. దక్షిణాన ఇసుక పేరుకుని మెరీనా ఇంత వెడల్పు అయింది. ఉత్తరాన రాయపురం వైపు ఇసుక అందక తీరం కోతకు గురైంది. సాయంత్రం పూట మనం సుండల్ తింటూ కూర్చునే ఇసుకలో చాలా భాగం ఆ గోడ చలవే. అటువైపు బెస్తపల్లెలవాళ్ల ఇళ్ల ముందు నేల పోయింది కూడా దానివల్లే. ఈ రెండో సంగతి మెరీనాలో కూర్చున్నప్పుడు ఎవరికీ గుర్తుకురాదు.

సముద్రంలో ఏది నిలబెట్టినా ఇలాగే చుట్టుపక్కల అంతా మారుతుంది. జెట్టీ స్తంభం దగ్గర జరిగే మార్పు చిన్నది. కానీ మాస్కు పెట్టుకుని చూడదగ్గది అదే.

ఒక్క స్తంభం చాలు, చూద్దాం. మన వైపు సముద్రం అడుగు చాలా మేర ఇసుక, బురద. సముద్రంలో ఎన్నో జీవులు పుట్టగానే కంటికి ఆనని లార్వాలుగా నీళ్లలో కొట్టుకుపోతుంటాయి. వాటిలో చాలావాటికి ఎక్కడో ఒకచోట అంటుకుంటే తప్ప ఎదుగుదల లేదు. కదిలే ఇసుక మీద అంటుకోవడం కుదరదు. అలాంటి చోట మనం ఒక స్తంభం దించామంటే, ఊరి నడిబొడ్డున కంచె లేని ఖాళీ ప్లాటు కనబడినట్టే. కబ్జా మొదలైపోతుంది. (నవ్వులు) మొదట బ్యాక్టీరియా వచ్చి సన్నటి జిగురు పొర వేస్తుంది. దాని మీద నాచు. ఆ వెనకే బార్నకిల్స్. పడవల అడుగున తెల్లగా, గరుకుగా పట్టేస్తాయి చూడండి, అవే.

బార్నకిల్‌ను చూస్తే నత్తగుల్లకు చుట్టమనుకుంటాం. నిజానికి అది రొయ్యకూ పీతకూ చుట్టం. పిల్లగా ఉన్నప్పుడు ఈదుతూ వచ్చి, మీసాల్లాంటి వాటితో స్తంభాన్ని తడిమి, ఇక్కడ ఉండొచ్చా లేదా అని చూసుకుంటుంది. నచ్చితే తలను స్తంభానికి జిగురుతో అంటించేసుకుని, చుట్టూ సున్నపు పలకలు కట్టుకుంటుంది. ఇక జన్మంతా తలకిందులుగా అక్కడే. పైన చిన్న తలుపు తెరిచి కాళ్లు బయటికి చాచి, నీళ్లలో వచ్చే ఆహారాన్ని కాళ్లతో లోపలికి తోసుకుంటుంది. మాస్కు పెట్టుకుని స్తంభానికి జానెడు దూరంలో కదలకుండా ఉంటే ఆ కాళ్లు విప్పడం, ముడవడం చక్కగా కనబడుతుంది. డార్విన్ అంతటివాడు వీటి మీద ఎనిమిదేళ్లు కూర్చున్నాడు.

స్తంభం పై నుంచి కింది దాకా ఒకేలా ఉండదు. పోటు వచ్చినప్పుడు మాత్రమే తడిసే పై భాగం బార్నకిల్స్‌ది. ఎండలో తలుపు మూసుకుని గంటల తరబడి ఓర్చుకోగలవు మరి. దాని కింద ఆల్చిప్పలు గుత్తులు గుత్తులుగా. ఎప్పుడూ మునిగి ఉండే భాగంలో స్పాంజీలు, సంచుల్లా ఉండే సీ స్క్వర్ట్‌లు, మెత్తటి పగడాలు. నారింజ, పసుపు, ఊదా రంగులు. వీటిలో ఎక్కువ భాగం ఆహారం కోసం తిరగవు. నీటి ప్రవాహమే తిండి తెచ్చి పెడుతుంది, ఇవి వడకట్టుకుంటాయి. స్తంభాన్ని ప్రవాహం ఎప్పుడూ ఒరుసుకుంటూ పోతుంది కాబట్టి వీటికి తిండికి లోటుండదు.

వీటి మీద బతికేవి మళ్లీ వేరే. నూడిబ్రాంక్ అని గుల్ల లేని నత్త ఒకటుంది, వేలి గోరంత దగ్గర్నుంచి అరచేయంత దాకా ఉంటుంది, పట్టుచీరల అంచుల్లో కూడా కనిపించని రంగులు దానికి. వాటిలో కొన్ని రకాలు కుట్టే జీవులను తిని, వాటి కుట్టే కణాలను అరిగించుకోకుండా తమ వీపు మీదికి చేర్చుకుని, రేపు తమను ఎవరైనా తినబోతే వాటినే ఆయుధంగా వాడతాయి. కొల్లగొట్టిన తుపాకులతో కాపలా! నేను స్తంభం చుట్టూ తిరిగేది ఎక్కువగా వీటి కోసమే. పెద్ద చేపలు చూడాలనుకునేవాళ్లకు నాతో వస్తే విసుగు పుడుతుంది.

పెద్ద చేపలూ వస్తాయి లెండి. జెట్టీ కింద ఎప్పుడూ నీడ ఉంటుంది. నీడలో ఉన్న చేపకు వెలుగులో తిరిగేవి స్పష్టంగా కనబడతాయి, వెలుగులో ఉన్నవాటికి నీడలోది కనబడదు. వేటకు ఇంతకన్నా మంచి చోటేముంది? చిన్న చేపలు స్తంభాల మధ్య దాక్కోవడానికి గుంపులుగా చేరతాయి, వాటి కోసం వేటచేపలు అంచున కాచుకుని ఉంటాయి. పాడైన చోట పగుళ్లలో మలుగులు, ఆక్టోపస్‌లు. లయన్ ఫిష్ అయితే రెక్కలు విప్పుకుని పెళ్లికూతురిలా నిలబడి ఉంటుంది, కానీ ముళ్లలో విషం. దాన్ని ముట్టుకుని కుట్టించుకుంటే, చర్మం కాలనంత వేడి నీళ్లలో ఆ చోటును ముంచి ఉంచడం మొదటి చికిత్స. ఆ తర్వాత డాక్టరు.

ప్రపంచంలో జెట్టీ డైవింగ్ అంటే ఆస్ట్రేలియావాళ్ల పేరు చెప్పుకోవాలి. పశ్చిమ ఆస్ట్రేలియాలో బసెల్టన్ అనే ఊళ్లో 1865లో మొదలుపెట్టిన చెక్క జెట్టీ ఉంది. సముద్రం అక్కడ మరీ పల్లం లేకుండా మెల్లగా లోతవుతుంది కాబట్టి, ఓడకు సరిపడా నీళ్లు దొరికే దాకా పొడిగిస్తూ పోయారు. ఇప్పుడు దాని పొడవు 1,841 మీటర్లు. ఓడలు రావడం మానేశాక దాన్ని పడగొట్టకుండా కాపాడుకున్నారు. 2003లో దాని చివర నీటి కింద 8 మీటర్ల లోతున అద్దాల గది కట్టారు, ఈత రానివాళ్లు మెట్లు దిగి వెళ్లి స్తంభాల మీద పెరిగిన పగడాలు చూడొచ్చు. ఉత్తరం నుంచి వచ్చే వెచ్చటి లీవిన్ ప్రవాహం వల్ల అంత దక్షిణాన కూడా అక్కడ ఉష్ణమండలపు జీవులు బతుకుతాయి.

మెల్‌బోర్న్ దగ్గర రై, బ్లెయిర్‌గౌరీ పియర్ల కథ వేరు. అక్కడ చలికాలం మొదట్లో, అంటే మనకు మే, జూన్ నెలల్లో, స్పైడర్ పీతలు వేల సంఖ్యలో వచ్చి పియర్ల కింద పోగుపడతాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కి గుట్టలవుతాయి. పీత పెరగాలంటే పాత డొప్పను విప్పేయాలి, కొత్తది గట్టిపడే లోపు ఒళ్లు మెత్తగా ఉంటుంది. ఆ మెత్తటి పీతల కోసం టేకు చేపలు కాచుకుని ఉంటాయి. ఒంటరిగా విప్పుకుంటే చావు ఖాయం, గుంపులో ఉంటే ఎవరో ఒకరు బతుకుతారు. అంతా నాలుగైదు మీటర్ల లోతులో! మాస్కు, స్నార్కెల్ ఉంటే పై నుంచి కూడా చూడొచ్చు.

ఇప్పుడు దిగడం సంగతి.

స్నార్కెల్ అంటే జానెడున్నర గొట్టం. మొహం నీళ్లలో ఉంచి నోటితో గాలి పీల్చుకోవడానికి. "గొట్టం పొడుగ్గా ఉంటే ఇంకా కిందికి పోవచ్చు కదా" అని కుర్రాళ్లు అడుగుతారు. సినిమాల్లో హీరో తామర తూడు నోట్లో పెట్టుకుని చెరువు అడుగున కూర్చుంటాడు, అది చూసి. మీటరు లోతులోనే నీళ్ల బరువు ఛాతీని ఎంత నొక్కుతుందంటే, పై నుంచి గాలి లాగడానికి మన కండరాల శక్తి చాలదు. పైగా పొడవాటి గొట్టంలో మనం వదిలిన గాలినే మళ్లీ పీలుస్తాం. దుర్యోధనుడికి జలస్తంభన విద్య తెలుసు కాబట్టి మడుగులో కూర్చున్నాడు, మనకది లేదు.

ఇంకో మాట. ఊపిరి బిగబట్టి స్తంభం అడుగు దాకా దిగి చూసొచ్చే సరదా కుర్రాళ్లకు ఉంటుంది. దిగే ముందు గబగబా పది పన్నెండు సార్లు గట్టిగా ఊపిరి తీస్తారు, ఎక్కువ సేపు ఉండొచ్చని. అది ప్రాణం మీదికి తెచ్చే పని. ఊపిరి తీసుకోవాలని ఒంటికి గుర్తుచేసేది పేరుకున్న కార్బన్ డయాక్సైడ్. గబగబా ఊపిరి తీస్తే అది బయటికి పోతుంది, ఆక్సిజన్ మాత్రం పెద్దగా పెరగదు. దాంతో హెచ్చరిక రాకుండానే ఆక్సిజన్ అయిపోయి, నీళ్లలోనే స్పృహ తప్పుతుంది. కొట్టుకోవడం, కేకలు ఏవీ ఉండవు. పక్కన ఉన్నవాడికి కూడా తెలియదు. అందుకే స్నార్కెలింగ్‌కు కూడా జంటగా దిగాలి, ఒకరు దిగినప్పుడు ఇంకొకరు పైన ఉండి చూడాలి.

స్కూబా, అంటే గాలి సిలిండరు వీపున కట్టుకుని దిగడం, దాని దగ్గరికి వద్దాం. సిలిండరు చూడగానే అందరూ "ఆక్సిజన్ సిలిండర్" అంటారు. పేపర్లలో కూడా అలాగే రాస్తారు. అందులో ఉండేది మనం ఈ హాల్లో పీలుస్తున్న మామూలు గాలే, వడకట్టి, ఆరబెట్టి, కుక్కింది. వట్టి ఆక్సిజన్‌ను ఆరు మీటర్ల కంటే లోతున పీలిస్తే అదే విషమై మూర్ఛ వస్తుంది. మామూలు సిలిండరులో సుమారు 11 లీటర్ల చోటు ఉంటుంది, 200 బార్ల ఒత్తిడిలో, అంటే మన చుట్టూ ఉన్న గాలికి దాదాపు రెండొందల రెట్ల ఒత్తిడిలో, నింపుతారు. అంటే దాదాపు 2,200 లీటర్ల గాలి. నిమిషానికి 20 లీటర్లు వాడితే ఒడ్డున 110 నిమిషాలు వస్తుంది. పది మీటర్ల లోతుకు పోతే ఒత్తిడి రెట్టింపు కాబట్టి అదే గాలి 55 నిమిషాలు. ఇది లెక్క. టెన్షన్‌లో ఉన్న కొత్తవాడు రొప్పుతుంటాడు, వాడికి అరగంటలోనే అయిపోతుంది. నాలుగైదు మీటర్ల లోతులో ఉండే జెట్టీ దగ్గర అదే సిలిండరు గంట పైనే నడుస్తుంది. నూడిబ్రాంక్‌లు వెతుక్కునేవాళ్లు జెట్టీలను ఇష్టపడటానికి ఇదొక కారణం.

ఇక్కడే అసలు మోసం ఉంది. తక్కువ లోతు కదా, ఏమవుతుందిలే అనుకుంటాం. నీటి పైన ఒక వాతావరణ పీడనం, పది మీటర్ల దగ్గర రెండు, ఇరవై దగ్గర మూడు. అంటే పై నుంచి పది మీటర్లకు ఒత్తిడి రెట్టింపు అయితే, పది నుంచి ఇరవైకి ఒకటిన్నర రెట్లే. దామాషాలో చూస్తే పెద్ద మార్పు అంతా ఈ మొదటి పది మీటర్లలోనే. పది మీటర్ల దగ్గర ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి పైకి వచ్చామనుకోండి, ఆ గాలి రెండింతలు కావాలని చూస్తుంది. ఊపిరితిత్తులు సాగవు, చిరుగుతాయి. పది మీటర్లే అక్కర్లేదు, స్విమ్మింగ్ పూల్ లోతులో కూడా ఈ ప్రమాదం ఉంది. అందుకే స్కూబాలో మొదటి సూత్రం: ఊపిరి ఎప్పుడూ బిగబట్టకూడదు. రెండోది: పైకి మెల్లగా రావాలి, నిమిషానికి 9 మీటర్లకు మించకుండా. ఏదైనా చూసి భయపడితే ఒక్క ఉదుటున పైకి లేవాలనిపిస్తుంది. శిక్షణలో సగం ఆ కోరికను ఆపుకోవడం నేర్పడమే.

చెవుల సంగతి కూడా అంతే. మీటరు, రెండు మీటర్లు దిగేసరికే నొప్పి మొదలవుతుంది. ముక్కు పట్టుకుని మెల్లగా గాలి ఊదితే చెవులు తెరుచుకుంటాయి. నొప్పి రాకముందే, ప్రతి కాస్త దూరానికీ చేయాలి. నొప్పి వచ్చాక బలవంతంగా ఊదడం కాదు, కొంచెం పైకి వచ్చి మళ్లీ ప్రయత్నించాలి. జలుబు చేస్తే ఆ రోజు డైవింగ్ లేదు. మాత్ర వేసుకుని దిగడం తెలివి కాదు, లోపల ఉండగా మందు పని చేయడం ఆగిపోతే పైకి వచ్చేటప్పుడు చెవి మూసుకుపోతుంది.

జెట్టీకి ప్రత్యేకమైన చిక్కులు కొన్ని. పైన గాలాలు వేసుకుని కూర్చునేవాళ్లుంటారు. వాళ్ల తెగిన నైలాను దారాలు స్తంభాలకు చుట్టుకుని వేలాడుతుంటాయి, నీళ్లలో అసలు కనబడవు. సిలిండరు వెనకాల చిక్కుకుంటే చేతికి అందదు. గింజుకున్న కొద్దీ ఇంకా చుట్టుకుంటుంది. ఆగి, జోడీ డైవర్‌ను పిలిచి, కోయించుకోవాలి. చిన్న కట్టరు లేకుండా జెట్టీ కిందికి వెళ్లకూడదు. అలాగే గాలం వేసినవాళ్ల మీద చిరాకు పడకూడదు, వాళ్ల చోటుకు మనం వచ్చాం. దిగే ముందు ఫలానా వైపు ఉంటామని ఒక మాట చెబితే చాలామంది సర్దుకుంటారు.

రెండోది నీటి ఊపు. అల పైన చిన్నగానే కనబడుతుంది, స్తంభాల మధ్య మాత్రం మనల్ని ముందుకూ వెనక్కూ విసురుతుంది. స్తంభం మీద బార్నకిల్స్ బ్లేడు పదును. నీళ్లలో నానిన చర్మం ఇట్టే తెగుతుంది, ఆ గాయాలు త్వరగా చీము పడతాయి. బయటికి రాగానే మంచినీళ్లతో, సబ్బుతో కడిగి, గుల్ల ముక్కలు లోపల మిగలకుండా తీసేయాలి. పొడుగు చేతుల చొక్కా తప్పనిసరి. చేతులకు గ్లవ్స్ విషయంలో మాత్రం నాకు అనుమానం. గ్లవ్స్ ఉంటే ప్రతిదీ పట్టుకోబుద్ధవుతుంది, పట్టుకుంటే స్పాంజీలు నలుగుతాయి. తేలడం సరిగ్గా నేర్చుకుంటే దేన్నీ పట్టుకునే పనుండదు.

మూడోది పడవలు. నీళ్లలో శబ్దం గాలిలో కంటే నాలుగు రెట్ల కంటే వేగంగా పోతుంది. అందుకని ఇంజను చప్పుడు వినబడుతుంది గానీ ఎటు నుంచి వస్తుందో చెవులు పోల్చుకోలేవు. నీటి పైన తేలే జెండా బోయా మన వెంట ఉండాలి, పడవలు లంగరేసే వైపు నుంచి పైకి రాకూడదు. వస్తే స్తంభం పక్కగానే రావాలి.

నాలుగోది ఆటుపోట్లు. మన చెన్నై తీరంలో పోటుకూ పాటుకూ తేడా మీటరు అటూ ఇటూ. గుజరాత్‌లో భావ్‌నగర్ దగ్గర పది మీటర్లు దాటుతుంది. తేడా ఎక్కువ ఉన్నచోట, లేదా సన్నటి కయ్యలోంచి నీరు పోయే చోట, వేళ తప్పితే ఈదలేం. అమెరికాలో ఫ్లోరిడాలో బ్లూ హెరాన్ బ్రిడ్జి అని ఉంది, దాని కింద లోతు ఆరేడు మీటర్లకు మించదు, కానీ పోటు నిండి నీరు నిలకడగా ఉండే వేళకు కాస్త ముందూ వెనకా మాత్రమే అక్కడ దిగుతారు. ఈ వేళల లెక్క మన జాలరులకు తిథిని బట్టి నోటికి వస్తుంది. అమావాస్యకు, పున్నమికి పోటు పెద్దది, అష్టమి వేళ చిన్నది. దిగబోయే ముందు ఆ ఊరి బెస్తవారిని అడగండి. ఏ యాప్ కంటే వాళ్ల మాటే నాకు నమ్మకం.

అనుమతి సంగతి కూడా చెప్పాలి. పడవలు ఆగే ఏ జెట్టీ దగ్గరా చెప్పాపెట్టకుండా దిగకూడదు. ఆస్ట్రేలియాలో ఎక్స్‌మౌత్ నేవీ పియర్ గొప్ప డైవింగ్ చోటుగా పేరు పొందింది, అయినా అక్కడికి లైసెన్సు ఉన్న నిర్వాహకుల వెంటే పోవాలి.

చెన్నై నుంచి ఎక్కడికి పోవచ్చు? దగ్గర్లో పుదుచ్చేరి, ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద 150 కిలోమీటర్లు. అక్కడ శిక్షణ కేంద్రాలున్నాయి, సముద్రంలో కాంక్రీటు వగైరా దించి తయారుచేసిన కృత్రిమ రీఫ్ ఉంది. జెట్టీ స్తంభం సూత్రమే అక్కడా పని చేస్తుంది, కాకపోతే లోతు ఎక్కువ, కోర్సు చేసినవాళ్లకే. గాంధీ విగ్రహం దగ్గర నిలబడితే ఫ్రెంచివాళ్లు 1866లో కట్టిన పియర్ మొండి స్తంభాలు కనబడతాయి, 1952 తుపాను దాన్ని కూల్చింది. తర్వాత వేరేచోట కట్టిన పియర్‌లో ఒక భాగం కూడా 2022 మార్చిలో కూలింది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం, మన తీరంలో నీళ్లు మట్టి రంగులో ఉంటాయి, ఆ మూడు నెలలు మానుకోండి.

మొదటిసారి స్నార్కెలింగ్‌కు మాత్రం అండమాన్ మేలు. చెన్నై నుంచి విమానంలో రెండు గంటల పైచిలుకు. అక్కడి షహీద్ ద్వీప్ (పాత పేరు నీల్ ఐలండ్) జెట్టీ మీద నిలబడి కిందికి చూస్తేనే చేపల గుంపులు కనబడతాయి. జెట్టీ కింద ఫెర్రీలు తిరుగుతాయి కాబట్టి పక్కనే ఉన్న భరత్‌పుర్ బీచ్‌లో, వాళ్లు చూపిన హద్దులో దిగాలి. అక్కడ మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు, భాషకు ఇబ్బంది లేదు. మొసళ్ల హెచ్చరిక బోర్డులను మాత్రం తమాషాగా తీసుకోకండి. 2010లో హేవ్‌లాక్ ద్వీపంలోని రాధానగర్ బీచ్ దగ్గర స్నార్కెలింగ్ చేస్తున్న విదేశీ పర్యాటకురాలిని ఉప్పునీటి మొసలి చంపింది.

నా మాటలు ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

ఒక సభికుడు: ఈత రాదండీ, వయసు యాభై దాటింది, బీపీకి మాత్ర వేసుకుంటాను. నాలాంటివాడు దిగొచ్చా?

ఈత రాకపోయినా ఇన్‌స్ట్రక్టరు వెంట ఒకసారి రుచి చూసే డైవ్ చేయొచ్చు, 12 మీటర్లు దాటనివ్వరు. పూర్తి కోర్సుకు మాత్రం ఈత రావాలి, 200 మీటర్లు ఈది చూపించాలి. బీపీ విషయం దాచకండి, ఫారంలో రాయండి, మీ డాక్టరు సంతకం తీసుకోండి. ఫారంలో అన్నిటికీ 'లేదు' అని టిక్కు పెట్టి దిగేవాళ్లే నాకు భయం. గుండె మీద నీళ్లలో భారం పెరుగుతుంది, అది మీ డాక్టరుకు చెప్పి అడగండి. ఆయన వద్దంటే బసెల్టన్‌లో మెట్లున్నాయి.

ఒక సభికురాలు: మా పాపకు తొమ్మిదేళ్లు. నాకు కళ్లద్దాలు. ఇద్దరికీ కుదురుతుందా?

పాపకు కోర్సుకు పదేళ్లు నిండాలి. ఎనిమిదేళ్ల నుంచి పూల్‌లో రెండు మీటర్ల లోతున పిల్లల కార్యక్రమాలు ఉంటాయి. ఈలోగా స్నార్కెలింగ్ నేర్పండి, అది చాలు. మీకు పవర్ ఉన్న అద్దాల మాస్కులు దొరుకుతాయండి. నీళ్లలో వస్తువులు మూడో వంతు పెద్దగా కనబడతాయి కాబట్టి తక్కువ పవర్ ఉన్నవాళ్లకు ఒక్కోసారి అద్దాలే అక్కర్లేదు. మాస్కు మసకబారకుండా బేబీ షాంపూ చుక్క రాసి కడిగేయండి. ఉమ్మి కూడా పని చేస్తుంది, మీ ఇష్టం. (నవ్వులు)

ఒక యువకుడు: అండమాన్‌లో ఆదివారం పొద్దున డైవ్ చేసి, మధ్యాహ్నం ఫ్లైట్‌కి చెన్నై వచ్చేయొచ్చా సార్? సోమవారం ఆఫీసు.

కుదరదు. లోతులో ఒత్తిడికి నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది, అది మెల్లగా బయటికి పోవాలి. విమానంలో పీడనం నేల మీద కంటే తక్కువ. పోవాల్సిన నైట్రోజన్ బుడగలు కట్టి కీళ్లలో, నరాల్లో చిక్కుకుంటుంది. ఒక్క డైవే చేస్తే కనీసం 12 గంటలు, ఒకటి కంటే ఎక్కువ చేస్తే 18 గంటలు ఆగాలి. ఆదివారం ఫ్లైట్ అయితే ఆఖరి డైవ్ శనివారం పొద్దునే ముగించెయ్యి బాబూ. ఆదివారం స్నార్కెలింగ్ చెయ్యి, దానికి ఈ లెక్క లేదు.